ఉలుకుమింగి

కాజీపేట స్టేషన్ రోడ్డులో ఓదేలుకు బ్యాటరీల దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, ఇన్వర్టర్ డబ్బాల మీద కూర్చుని, నలుగురు మనుషులు అక్కడ సైన్సును తలకిందులు చేసేవారు. నలుగురికీ వైజ్ఞానిక కథల పిచ్చి. దొరికిన పుస్తకమల్లా చదివేవారు, సొంతంగా కూడా రాసి ఒకరికొకరు వినిపించుకునేవారు. ఓదేలు రాస్తున్న కుజగ్రహం మీద కల్లు దుకాణం కథ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ. ఎంత తాగినా ఎవరూ కింద పడరు. పడనివాణ్ణి ఇంటికి ఎలా పంపాలన్నదే కథలో చిక్కు.

కథలు అయ్యాక ఆట మొదలయ్యేది. ఒకరు నిజమైన సైన్సు ముక్క ఒకటి చెప్పాలి. మిగతావాళ్లు దానికి కారణం చెప్పాలి. సరైన కారణం చెప్పినవాళ్లు ఓడినట్టు. ఎవరి అబద్ధం ముద్దుగా ఉంటే వాళ్లు గెలిచినట్టు.

ఆ ఆటలో ప్రసూనను ఓడించినవాళ్లు లేరు. ఆమె హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. వారమంతా సరైన జవాబులు చెప్పీ చెప్పీ నోరు చప్పబడుతుందని, ఆదివారం కోసం ఎదురుచూసేది. ఆమె అక్కడికి వచ్చిన మొదటి రోజు, ఆకాశం నీలంగా ఎందుకుంటుందని ఓదేలు అడిగాడు.

"మబ్బులు తెల్లగ రావాలంటే నీలిమందు పెట్టాలె కదా అన్నా," అంది ప్రసూన ఏమాత్రం నవ్వకుండా. "మబ్బులను జాడించి ఆరేసినంక, బకెట్ల మిగిలిన నీళ్లే ఆకాశం."

విద్యాసాగర్ అప్పుడు అక్కడే ఉన్నాడు. మెదడు తరంగాలను కొలిచే యంత్రాలు తయారుచేసే ఇంజనీరు అతను. హనుమకొండలోనే ఒక నరాల పరిశోధనశాలలో పని. ఆ బకెట్టు సంగతి అతని తలలోంచి ఎప్పటికీ పోలేదు. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ పెళ్లయింది. ఓదేలు ప్రసూనను చెల్లె అనేవాడు కాబట్టి విద్యాసాగర్ అతనికి బావ అయ్యాడు. నాలుగో మనిషి కాత్యాయని టీచర్, రిటైరైన బయాలజీ టీచరు. ఆమె ఎప్పుడూ సరైన జవాబే చెప్పి ఓడిపోయేది.

ప్రసూనకు ముప్పై దాటాక ఒక జ్వరం వచ్చింది. అది తలకెక్కి, తగ్గింది. తగ్గినట్టే తగ్గి, వెనక ఒకటి వదిలిపెట్టి వెళ్లింది. అనుకోనిది ఏది జరిగినా ఆమెకు ఫిట్స్ వచ్చేవి. పక్కింటివాళ్ల గిన్నె కింద పడినా, వెనకనుంచి ఎవరైనా పిలిచినా, కరెంటు టక్కున పోయినా, ఉలిక్కిపడేది. ఆ ఉలికిపాటు ఆగేది కాదు. కళ్లు తేలేసి నిలువునా కూలిపోయేది.

నవ్వు కూడా అలాంటిదేనని మొదట ఎవరికీ తట్టలేదు. ఒక ఆదివారం ఓదేలు, ఆక్టోపస్‌కు మూడు గుండెలు ఎందుకుంటాయని అడిగాడు. కాత్యాయని టీచర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఒకటి ఇంట్లకు, ఒకటి బయటికి, మూడోది చుట్టాలొస్తే తీసి పెట్టనీకి," అంది. అన్నేళ్లలో ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అది. ప్రసూన పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలో ముఖం బిగుసుకుపోయింది. ఆమె డబ్బా మీద నుంచి పడుతుంటే విద్యాసాగర్ తల కింద చెయ్యి పెట్టాడు. కాత్యాయని టీచర్ ఆ మూలన నిలబడి, "నేనే చేసిన, నేనే చేసిన," అంటూ ఉండిపోయింది.

ఆ తర్వాత దుకాణంలో జోకు వేసేముందు హెచ్చరించడం మొదలుపెట్టారు. "చెల్లె, ఇప్పుడు నవ్వొచ్చేది వస్తది, సిద్ధంగుండు," అనేవాడు ఓదేలు. ప్రసూన తలూపేది. అప్పుడు చెప్పేవాడు. అందరూ మర్యాదగా చిరునవ్వు నవ్వేవారు.

ఇంట్లోనూ అంతే. కూతురు ఆమనికి అప్పుడు ఏడేళ్లు. బడిలో బొమ్మల పోటీలో బహుమతి వచ్చిందని పరుగున వచ్చి, వంటింటి గుమ్మంలోంచి, "అమ్మా!" అని కేక వేసింది. ప్రసూన గంజి వారుస్తోంది. మరిగే గంజి ఆమె కాళ్ల మీద ఒలికింది. ఆమని అక్కడే నిలబడి అంతా చూసింది. తల్లి ఎగిరెగిరి పడటం, కాళ్ల చర్మం తెల్లగా ఉబ్బడం.

ఆ రోజు నుంచి ఆ పిల్ల గదిలోకి వచ్చేముందు మెల్లగా చెప్పేది. "అమ్మా, నేను వస్తున్న. తలుపు తీస్తున్న. తీసిన." కుక్కరు కూతకు వచ్చేముందు, "అమ్మా, ఇగ కూస్తది," అనేది. స్నేహితులను ఇంటికి పిలవడం మానేసింది. ఇంట్లో టీవీ పెట్టేవారు కాదు. విద్యాసాగర్ తుమ్ము వస్తే బాల్కనీలోకి వెళ్లేవాడు.

మందులు పనిచేయలేదు. ఫిట్స్ దగ్గరపడ్డాయి. ఏదో ఒకసారి ఊపిరి తిరిగి అందకపోవచ్చని డాక్టర్ ఫర్హానా చెప్పింది. విద్యాసాగర్ పనిచేసే పరిశోధనశాలకు ఆవిడే పెద్ద.

యంత్రం ఆలోచన ఆ మాటల తర్వాత పుట్టింది. విద్యాసాగర్ దాన్ని మొదట ఆమనికి చెప్పాడు. ఇద్దరూ మేడ మెట్ల మీద కూర్చున్నారు.

"చీకట్ల మెట్లు దిగుతుంటవ్. ఇంకో మెట్టు ఉన్నదనుకుని కాలు వేస్తవ్. ఉండదు. అప్పుడు గుండె జల్లుమంటది కదా?"

"అంటది."

"మన మెదడు ఎప్పుడూ, ముందు ఏమైతదో అనుకుంటనే ఉంటది. అనుకున్నది తప్పయితే లోపట ఒక అల లేస్తది. అందరికీ లేస్తది, తగ్గిపోతది. అమ్మకు తగ్గదు. పెరిగి పెరిగి తలంతా ముంచేస్తది."

"మరి నువ్వేం చేస్తవ్?"

"అది లేవంగనే దానికి ఎదురు ఇంకో అల పంపిస్త. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని సున్నా అయితయ్."

బొటనవేలి గోరంత పలక. తల చర్మం కింద అమర్చాలి. దానికి పరిశోధనశాల పెట్టిన పేరు చాలా పొడుగ్గా ఉండేది. ఓదేలు దానికి ఉలుకుమింగి అని పేరు పెట్టాడు. ఆపరేషన్‌కు ముందు ఆ పేరు విని ప్రసూన నవ్వింది. ముందుగా చెప్పి మరీ పెట్టాడు కాబట్టి ఏమీ కాలేదు.

పరీక్ష రోజు ప్రసూనను కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టర్ ఫర్హానా ఆమె వెనక నిలబడి ఒక స్టీలు పళ్లెం నేల మీదికి వదిలేసింది. గదిలో ఉన్న అందరూ అదిరిపడ్డారు. తెర మీద ఒక గీత లేచి, లేచిన చోటే చదునైపోయింది.

"పళ్లెం పడింది," అంది ప్రసూన.

లైట్లు ఆర్పారు. అటెండరు దసరాకు పెట్టుకునే పులి ముఖం తగిలించుకుని తలుపు తోసుకుని వచ్చాడు. ప్రసూన అతన్ని చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. విద్యాసాగర్ గోడకు తిరిగి ఏడ్చాడు.

"ఎందుకు ఏడుస్తున్నవ్?" అని అడిగింది ఆమె.

"సంతోషానికే."

"అట్లనా," అని, ఆమె తన చేతిసంచీ తీసుకుంది.

ఆ తర్వాత ఫిట్స్ రాలేదు. నెలలు గడిచాయి, రాలేదు. ఇంట్లో కుక్కరు చెప్పకుండా కూసింది. టీవీ మోగింది. ఆమని మొదట నమ్మలేదు. ఒకరోజు తలుపు కాస్త గట్టిగా వేసి చూసింది. ఇంకోరోజు ఇంకాస్త గట్టిగా వేసింది. తల్లి కూరగాయలు తరుగుతూనే ఉంది. ఆ వేసవిలో ఆ పిల్ల గొంతు వీధి చివరిదాకా వినబడింది. స్నేహితులు వచ్చారు, మంచాల మీద గెంతారు.

ఒక సాయంత్రం ఆమని తలుపు వెనక దాక్కుని, తల్లి రాగానే, "భౌ!" అని దూకింది.

"చెప్పులు బయట విప్పు. కాళ్లు కడుక్కో," అంది ప్రసూన.

ఆమని మంచం కిందనుంచి ప్రయత్నించింది. పరదా వెనకనుంచి ప్రయత్నించింది. ప్రతిసారీ ప్రసూన ఆగి, చూసి, తన పనిలోకి వెళ్లిపోయేది. పిల్ల ఏం కోరుకుంటోందో కొన్నాళ్లకు ఆమెకు అర్థమైంది. ఆమె తెలివితేటలకేమీ లోటు రాలేదు. తర్వాతిసారి ఆమని దూకినప్పుడు ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని, "అబ్బ, భయపడ్డ," అంది.

ఆమని ఆమె ముఖంలోకి చూసింది. "వద్దులే అమ్మా," అని వెళ్లి హోంవర్కు చేసుకుంది.

దుకాణంలో ఆమె తిరిగి వచ్చినందుకు ఓదేలు మిర్చిబజ్జీలు తెప్పించాడు. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు అక్కర్లేదు. అతను చాలా రోజులుగా దాచుకున్న ప్రశ్న తీశాడు.

"బొద్దింక తల తీసేసినా వారం దాకా బతుకుతది. ఎందుకు?"

ఎవరి కోసమూ ఆగకుండా అతనే చెప్పాడు. "తల పోయిన సంగతి దానికెవరు చెప్పాలె? చెప్పెటోడు తలే కదా!"

కాత్యాయని టీచర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. విద్యాసాగర్‌కు నవ్వు వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే ప్రసూన వైపు తిరిగారు.

"కాదన్నా," అంది ఆమె. "బొద్దింక ఒంటికి ఉన్న రంధ్రాలతోటి గాలి పీలుస్తది, తలతోటి కాదు. నరాల ముడులు ఒళ్లంత ఉంటయి. అందుకే బతుకుతది. చివరికి నీళ్లు లేక చస్తది."

"ఓడిపోయినవ్ చెల్లె," అన్నాడు ఓదేలు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"అవును, ఓడిపోయిన," అంది ఆమె. బజ్జీ తింది.

ఇంటికి వస్తూ బండి మీద విద్యాసాగర్ అడిగాడు. "నీకు అది నవ్వులాటగ అనిపించలేదా?"

"నవ్వు ఎక్కడ రావాలో తెలుస్తది సాగర్. అక్కడిదాక పోతే అక్కడ ఏం ఉండదు."

"బాధగ ఉన్నదా?"

"లేదు. మంచిగనే ఉన్న."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. అదే అతన్ని బండి పక్కకు తీసి ఆపేలా చేసింది. ఎందుకు ఆపావని ఆమె అడగలేదు. లారీలు పోతుంటే చూస్తూ కూర్చుంది.

ఆమని బడి దగ్గర అది జరిగింది వానాకాలంలో. బడి వదిలిన వేళ. ప్రసూన కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. రాంగ్ రూట్లో ఒక మోటారు సైకిలు వచ్చింది. అందరూ అరిచారు, అందరూ పక్కకు దూకారు. ప్రసూన నిలబడి చూసింది. చెయ్యి గుంజలేదు. ఆమని తనంతట తాను వెనక్కి దూకబోయింది కానీ చెయ్యి తల్లి చేతిలో ఉండిపోయింది. బండి హ్యాండిల్ ఆ పిల్ల ఎడమ చేతిని కొట్టుకుంటూ పోయింది.

ఆ తర్వాత ప్రసూన చేసినవన్నీ సరిగ్గా చేసింది. విరిగిన చేతికి స్కేలు కట్టింది, ఆటో పిలిచింది, ఆస్పత్రికి తీసుకెళ్లింది, భర్తకు ఫోన్ చేసింది.

"ఆమని చెయ్యి విరిగింది. ఎడమది. ప్రాణానికేం లేదు. వచ్చేటప్పుడు దాని నీలం గౌను పట్టుకరా, వేసుకున్న బట్టలకు నెత్తురైంది."

విద్యాసాగర్ వెళ్లేసరికి కట్టు వేస్తున్నారు. ఆమని ఏడుపు ఆపి తండ్రిని అడిగింది. "అమ్మ నన్నెందుకు గుంజలె నాన్నా?"

జవాబు ప్రసూన చెప్పింది.

"బండి వస్తున్నది చూసిన బిడ్డా. వస్తున్నది అనుకున్న. అంతే."

ఆ రోజు నుంచి రోడ్డు మీద తల్లి చెయ్యి ఆ పిల్లే పట్టుకుని, అటూ ఇటూ చూసి, దాటించేది.

యంత్రాన్ని తగ్గించే, ఆపే రిమోటు విద్యాసాగర్ దగ్గర ఉండేది. తాళంచెవి అంత ఉంటుంది. తర్వాతి ఆదివారం దుకాణంలో అతను దాన్ని జేబులో పట్టుకుని కూర్చున్నాడు. శుక్రగ్రహం మీద ఒక రోజు ఒక ఏడాది కంటే పెద్దదని కాత్యాయని టీచర్ చెప్తోంది. "అయితే ఒక పుట్టినరోజు కేకు అరగకముందే, తెల్లారకముందే, ఇంకో పుట్టినరోజు వస్తదన్నమాట," అంటున్నాడు ఓదేలు. వేలు కదిపితే చాలు, ప్రసూన నవ్వుతుంది. ఒక్కసారి నవ్వుతుంది, పడిపోతుంది. చెయ్యి బయటికి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మర్నాడు డాక్టర్ ఫర్హానా గదికి వెళ్లాడు. "ఆపేద్దాం మేడం."

"ప్రసూన అడిగిందా?"

"అడగదు. అడగాలనిపించడాన్ని కూడ అదే మింగుతున్నది."

"కావచ్చు. కాని నా దగ్గర ఇప్పుడు ఫిట్స్ లేని పేషెంటు ఉన్నది. నాకు ఏ బాధా లేదంటున్నది. నువ్వు వచ్చి, నాకు బాధగ ఉన్నది, ఆపుండ్రి అంటున్నవ్." ఆవిడ గొంతులో కోపం లేదు. "నీకు కావలసింది ఆమె బాగుండుడా, ఆమె నవ్వుడా?"

"తెల్వదు మేడం."

ఆ సాయంత్రం అతను ప్రసూనతో అంతా చెప్పాడు. జేబులో రిమోటు సంగతి కూడా చెప్పాడు. ఆమె బోర్డు మీద లెక్క చూసినట్టు విన్నది.

"ఉంచినా, ఆపినా నాకు ఇప్పుడు రెండూ ఒకటే," అంది. "ఒకటే అనుకునేటోళ్లను అడిగి ఏం లాభం? ఆపి అడుగు. అప్పుడు ఏం చెప్తే అదే నా మాట అనుకో."

పరిశోధనశాల చివర ఒక చిన్న గది ఖాళీ చేయించారు. నేలంతా పరుపులు వేశారు. ఫ్యాను ఆపారు. గడియారం తీసేశారు. నడవాలో మనుషులు తిరగకుండా అటెండరును నిలబెట్టారు. డాక్టర్ ఫర్హానా సిరంజి సిద్ధంగా పెట్టుకుని మూల కూర్చుంది. ప్రసూన గోడకు చేరగిలబడి కూర్చుంది. విద్యాసాగర్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు ఆపుతున్న," అని చెప్పి ఆపాడు.

కొంతసేపు ఏమీ కాలేదు. ప్రసూన అతన్ని చూస్తూ ఉంది. తర్వాత ఆమె కనుబొమలు లేచాయి.

"గడ్డం గింత తెల్లబడ్డదేంది నీకు?"

నవ్వబోయింది. నవ్వు పెదవుల దాకా వచ్చాక కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, దాన్ని ఆపుకుంది. కళ్లు తెరిచేసరికి నిండా నీళ్లు ఉన్నాయి.

"దాని చెయ్యి నా చేతిలనే ఉండె సాగర్," అంది. "నా చేతిలనే ఉండె. అది గుంజుకుంటున్నది, నేను పట్టుకునే ఉన్న. బండి దాన్ని కొట్టేదాక పట్టుకునే ఉన్న."

అతను దగ్గరికి జరగబోయాడు. ఆమె చేత్తో ఆపింది. "కదలకు. ఏదీ అటిటు కదిలియ్యకు. నేను మాట్లాడాలె, తొందరగ మాట్లాడాలె." కిటికీ పరదా గాలికి కొద్దిగా కదిలింది. ఆమె భుజాలు అదిరాయి. ఊపిరి బిగబట్టి, దాన్ని కూడా దాటింది.

"మళ్లీ ఆన్ చెయ్యి," అంది.

"వద్దు ప్రసూనా. కొత్త మందులు వస్తున్నయంట. కొంచెం తగ్గించి పెట్టొచ్చు. సగం..."

"సగం పెట్టి చూడలేదా మొదట్ల? సగంలో కూడ పడ్డ. వినాలె నువ్వు. నేను ఇట్ల ఉన్నప్పుడు ఇంట్ల పిల్ల ఎట్ల తిరిగిందో యాదున్నదా? దొంగతీర్గ తిరిగింది. తలుపు తీస్తున్న, తీసిన అనుకుంట. ఇప్పుడు అరుస్తున్నది. దాని దోస్తులు వచ్చి మంచాలు ఇరగ్గొడుతున్నరు. అరవనీ. రోడ్డు మీద దాని చెయ్యి నువ్వు పట్టుకో. నాకు అప్పజెప్పకు. ఇంట్ల గంజి నేను వారుస్త."

"మరి నువ్వు?"

"నేను లోపట ఎక్కడనో దాక్కున్న అనుకుంటున్నవ్. రోజూ నా మొఖంల ఎతుకుతున్నవ్, నాకు తెలుస్తనే ఉన్నది." ఆమె తల అడ్డంగా ఊపింది. "అక్కడ ఎవ్వరు లేరు సాగర్. నేను ఇప్పుడు అక్కడినుంచే వచ్చిన. అక్కడ ఏం నొయ్యది. ఎవరి కోసం ఎవ్వరు ఎదురు చూస్తలేరు. నన్ను ఎతకకు."

"నేనేం చేయాలె మరి?"

"నీకు అన్యాయమే," అంది. చెయ్యి చాపి అతని తెల్లబడ్డ గడ్డం మీద పెట్టింది. "ఆన్ చెయ్యి. మేడంకు ఇయ్యకు. నువ్వే చెయ్యి."

అతను నొక్కాడు.

ఆమె చెయ్యి ఇంకా అతని చెంప మీదే ఉంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. కాసేపటికి ఆమె ఆ చెయ్యి తీసి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"లేద్దామా?" అంది. "ఆమని బడి వదిలే టైమైంది."

మూలన డాక్టర్ ఫర్హానా సిరంజికి మూత పెడుతోంది.

చలికాలంలో ఇంకో పేషెంటు వచ్చాడు. పరకాలలో దర్జీ, పేరు సమ్మయ్య. హారన్ వినబడితే చాలు, మిషను మీద పడిపోతాడు. అతని భార్య కోమల, భర్తను ఒంటికి ఆనించుకుని కూర్చోబెట్టి, విద్యాసాగర్ చెప్పినదంతా విన్నది.

"దీంతోటి ఏమన్న పోతదా సార్?" అని అడిగింది.

"పోతది," అన్నాడు విద్యాసాగర్. "మా ఇంటికి రండి. ఒక పూట మా ఇంట్ల ఉండి చూడుండ్రి. చూసినంక చెప్పుండ్రి."

ఆదివారం వాళ్లిద్దరూ బస్సులో వచ్చారు. ఓదేలు, కాత్యాయని టీచర్ అప్పటికే అక్కడ ఉన్నారు. ఈమధ్య ఆట దుకాణంలో కాకుండా ఇక్కడే జరుగుతోంది. సమ్మయ్య కోసం ఆ రోజు అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. ప్రసూన టీ పెట్టింది. సమ్మయ్య పక్కన కూర్చుని ఆపరేషన్ ఎలా ఉంటుందో, కుట్లు ఎంత నొప్పి పెడతాయో, ఏ వైపు పడుకోకూడదో ఓపికగా చెప్పింది. ఫిట్స్ ఒక్కటీ రాలేదని చెప్పింది. నవ్వు రాదని, భయం రాదని, బండి వస్తున్నా భయం రాదని కూడా అదే గొంతుతో చెప్పింది. సమ్మయ్య ఆమె మాటలు నోరు తెరిచి విన్నాడు. ఒకప్పుడు తనలాగే పడిపోయి, ఇప్పుడు హారన్ వినబడినా పడిపోని మనిషిని అతను మొదటిసారి చూస్తున్నాడు.

"అరటిపండ్లల్ల రేడియోధార్మికత ఎందుకుంటది?" అని ఓదేలు మెల్లగా అడిగాడు.

"చీకట్ల తిన్నా నోరు దొరకాలె కదా," అంది ఆమని. ఓదేలు గొంతు అణుచుకుని నవ్వాడు. కాత్యాయని టీచర్ ఆ పిల్ల తల నిమిరింది. ప్రసూన కూతురి వైపు చూసి, "పొటాషియం వల్ల," అంది. అని, "నువ్వు గెలిచినవ్," అంది.

విద్యాసాగర్ అందరికీ కప్పులు అందించి, ప్రసూన ముఖంలోకే చూస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

సాయంత్రం వాళ్లను గేటు దాకా సాగనంపాడు. సమ్మయ్య ముందుకు నడిచాడు, ఒక చేత్తో ప్రహరీ గోడ పట్టుకుంటూ. కోమల ఆగింది.

"మీ ఆమె మంచిగున్నది సార్. చాన మంచిగ చెప్పింది."

"ఆలోచించుకుని చెప్పుండ్రి. తొందరేం లేదు."

"ఆమెను చూడనీకే వచ్చిన నేను," అంది కోమల. "కాని పొద్దటి సంది మిమ్ముల్నే చూసిన." కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "మేము మళ్ల ఆలోచించుకుంటం సార్."

ఆమె గబగబా నడిచి వెళ్లి భర్త మోచెయ్యి పట్టుకుంది. రోడ్డు మలుపులో ఆటో ఒకటి వస్తుంటే, హారన్ మోగకముందే ఆమె అతని చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. అతను తలూపాడు. ఆటో వెళ్లిపోయింది. ఇద్దరూ మలుపు తిరిగారు.

విద్యాసాగర్ లోపలికి వచ్చాడు. వంటింట్లో ప్రసూన కప్పులు కడుగుతోంది. పైన మేడ మీద ఆమని ఓదేలుతో ఏదో గొడవపడుతూ గట్టిగా అరుస్తోంది.

"ఏమన్నరు?" అని అడిగింది ప్రసూన.

"ఆలోచించుకుంటరట."

"మంచిది. ఆలోచించుకోవాలె."

అతను గుడ్డ తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె ఒక్కో కప్పు కడిగి ఇస్తుంటే, తుడిచి బోర్లించాడు.